పేరు పెట్టింది చెప్పులు కుట్టే మనిషి

తోలు వాసన ఎక్కడ గొప్ప? ఎక్కడ తప్పు?

ఈ ప్రశ్న మాది కాదు. మా మాదిగపల్లెలో పుట్టి, ఇప్పుడు కాలిఫోర్నియాలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్న కుర్రాడిది. పోయిన క్రిస్మస్ పండక్కి ఊరొచ్చాడు. సంచిలోంచి చిన్న సీసా ఒకటి తీసి మా అరుగు మీద పెట్టాడు. "మాస్టారూ, నాకు దీని సంగతి తేలాలి" అన్నాడు. తేల్చడానికి మాకు రెండు రోజులు పట్టింది. ఆ తేల్చిన సంగతే ఇక్కడ రాస్తున్నాం.

సారా మీద కొట్లాడిన వాడల్లో తిరిగే పత్రికలో మందు సీసా మీద వ్యాసమేమిటని కొందరు అడుగుతారు. అడగాలి కూడా. మా అత్త అందరికంటే ముందు అడిగింది. దానికీ జవాబు ఉంది. కాస్త ఓపిక పట్టండి.

ముందు కుర్రాడి సంగతి వినండి. అక్కడ వాళ్ళ ఆఫీసువాళ్ళు కొందరు నెలకోసారి ఒకరింట్లో చేరి బీర్లు రుచి చూస్తారట. తాగి పడిపోవడానికి కాదు, రుచి చెప్పడానికి. ఒక్క సీసా తీస్తారు. పువ్వు మొగ్గలా ఉండే గ్లాసుల్లో అందరికీ కొంచెం కొంచెం పోస్తారు. వెలుగుకి పెట్టి రంగు చూస్తారు. ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తారు. తర్వాత ఒక గుక్క. అప్పుడు ఒక్కొక్కరూ తనకేం తెలిసిందో చెప్పాలి. అదీ ఆట. ఆరోజు ఈ సీసాలాంటిదే తీశారు. ఒక తెల్లాయన కళ్ళు మూసుకుని, "అబ్బ, తోలు వాసన. గుర్రం జీను వాసన. అద్భుతం" అన్నాడట. అందరూ తలలూపారు. ఆ బల్ల దగ్గర మన తెలుగాయన ఒకడున్నాడు. మా కుర్రాణ్ణి చేరిన కొత్తల్లోనే "మీదే ఊరు, ఊళ్ళో ఏ వైపు" అని ఆరా తీసినవాడు. ఆయన మా వాడి వైపు తిరిగి, తెలుగులో, నవ్వుతూ, "నీకు అలవాటైన వాసనే కదా" అన్నాడు.

ఏమన్నాడని మిగతావాళ్ళు అడిగితే, "ఏం లేదు, జోకు" అన్నాడట.

మావాడి వంతు వచ్చింది. రుచి చెప్పమన్నారు. వాడు గ్లాసు కింద పెట్టి, "నాకు తెలియడం లేదు" అన్నాడు. తెలియక కాదు. తెలిసిందని చెబితే ఏమవుతుందో తెలిసి. ఆ తర్వాత మళ్ళీ ఆ ఇంటికి పోలేదు.

చూడండి, సముద్రాలు దాటినా ఆ ప్రశ్న దాటలేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షని నిషేధిస్తూ చట్టం చేసింది. అదే ఏడు కాలిఫోర్నియా శాసనసభ కూడా అలాంటి బిల్లు ఆమోదించింది. అక్టోబరులో గవర్నరు దాన్ని తిప్పి పంపాడు, ఉన్న చట్టాలు చాలన్నాడు. ఉన్న చట్టాల్లో ఆ నవ్వు ఏ సెక్షను కిందికి వస్తుందో మాకైతే అంతుబట్టలేదు. మేము చట్టం దగ్గర ఆగదల్చుకోలేదు. గ్లాసు దగ్గరికే పోదాం. ఎందుకంటే ఆ నవ్వు అబద్ధమని ఆ గ్లాసే రుజువు చేస్తుంది.

ఆ సీసాలో ఏముంది?

సీసా మీద పేరు కాన్సెక్రేషన్. అంటే ప్రతిష్ఠ చేయడం, పవిత్రం చేయడం. చేసింది రష్యన్ రివర్ అనే బీరు కంపెనీ. పేరులో రష్యా ఉన్నా ఉన్నది ఉత్తర కాలిఫోర్నియాలో, సొనోమా జిల్లా శాంటా రోసా ఊళ్ళో. ఆ చుట్టుపట్ల వైన్ కోసం పెంచే ద్రాక్షతోటలు మెండు. బీరు మాత్రం బెల్జియం పద్ధతిలో చేస్తారు. బెల్జియం ఐరోపాలో చిన్న దేశం. బీరుకి పెద్ద దేశం. 2016లో ఐక్యరాజ్యసమితి విద్యా సాంస్కృతిక సంస్థ యునెస్కో బెల్జియం బీరు సంస్కృతిని మానవజాతి వారసత్వాల పట్టికలో చేర్చింది.

బీరంటే బార్లీని మొలకెత్తించి, ఆరబెట్టి, దంచి, వేడినీళ్ళలో నానబెట్టి తీసిన తీపి రసం. హాప్స్ అనే చేదు పువ్వు వేసి కాస్తారు. చల్లార్చి ఈస్టు కలుపుతారు. ఈస్టు అంటే కంటికి కనపడని శిలీంధ్రం. అది తీపిని తిని మద్యం చేస్తుంది. ఇంతవరకు లోకమంతా ఒకటే. ఈ సీసాలోది ఇక్కడితో ఆగలేదు. ఆ బీరుని కాబర్నే సావిన్యాన్ అనే నల్లద్రాక్ష వైన్ ఊరి ఖాళీ అయిన ఓక్ చెక్క పీపాల్లో పోశారు. అలాంటి పీపా ఒక్కొక్కటి సుమారు 225 లీటర్లు పడుతుంది. వైన్‌వాళ్ళు కొన్నిసార్లు వాడాక చెక్కలో సారం తగ్గిందని వదిలేస్తారు. వాళ్ళు వదిలేసింది వీళ్ళకి పనికొస్తుంది. అందులో కరెంట్స్ అనే చిన్న నల్లపళ్ళు వేశారు. పాలని పెరుగు చేసే జాతి బాక్టీరియాని వేశారు. బ్రెట్టనోమైసెస్ అనే అడవి ఈస్టుని వేశారు. నెలల తరబడి మూతబెట్టి ఉంచారు. చెక్క సన్నగా గాలి పీలుస్తుంది. లోపల ఒకటి వదిలేసిన తీపిని ఇంకొకటి తింటుంది. చివరికి మద్యం 10 శాతం. మామూలు బీరుకి రెట్టింపు.

ఇదీ వస్తువు. ఇక రుచి.

మేము ఆరుగురం కూర్చున్నాం. కుర్రాడు, మేము, మా సంఘం కార్యదర్శి, తాడిచెట్లెక్కి కల్లుగీసే మామ, సారా ఉద్యమంలో తిరిగిన అత్త, తోళ్ళ పెద్దయ్య. సీసా 375 మిల్లీలీటర్లు. ఆరు టీ గ్లాసుల్లోకి పోస్తే తలా 60 మిల్లీలీటర్లు. మరీ చల్లగా ఉంటే వాసన లేవదని కుర్రాడు ముందే తీసి బయట పెట్టాడు. తీగ కట్టిన బిరడా తీస్తే టప్పుమంది. అరుగు కింది కోడి ఒకటి ఎగిరి దూకింది.

అత్త నోట పెట్టలేదు. "ఒట్టు తాగననే గానీ, వాసన చూడననలేదు" అని ముక్కు దగ్గర పెట్టుకుంది. "తరవాణి కుండ మూత తీసినట్టుంది. అడుగున నానబెట్టిన చింతపండు" అంది. గ్లాసు కార్యదర్శి వైపు జరిపింది.

మామ ఒక గుక్క పుక్కిలించి మింగాడు. "పులుపు రెండు రకాలుంది మాస్టారూ. ఒకటి పెరుగు పులుపు. ఇంకోటి గొంతులో కాటేసే పులుపు. లొట్టికి గాలి ఎక్కువ తగిలితే ఈ కాటు వస్తది. వీళ్ళ పీపాకి ఎక్కడో గాలి తగులుతోంది" అన్నాడు.

పెద్దయ్యకి ఎనభై దాటాయి. రంగు చూడగానే, "చెక్క నీళ్ళు" అన్నాడు. తర్వాత నాలుక మీద వేసుకుని, అంగిటికి అదిమి, చాలాసేపు ఊరుకున్నాడు. మేమంతా ఆయన నోరే చూస్తున్నాం. "వగరు" అన్నాడు. "తంగేడు చెక్క వగరుకాదు. దానికంటే మెత్తన. కరక్కాయది పట్టుకుంటది, వదలదు. ఇది పట్టుకుని జారతది. ఇందులో సగం చెక్కది, సగం పండు తోలుది." మళ్ళీ వాసన చూశాడు. "అడుగున తోలుంది. పచ్చి తోలుగాదు. పదునైన తోలు. కడిగి నీడన ఆరేసింది."

కుర్రాడు తెల్లబోయాడు. బీరు పరీక్షించేవాళ్ళు రాసే కాగితం వాడి ఫోనులో ఉంది. చదివి తెలుగులో చెప్పాడు. పెరుగు జాతి పులుపు, వెనిగర్ కాటు, చెక్క నుంచి పండు తొక్క నుంచి వచ్చిన వగరు, తోలు వాసన. ఒక్కటి తప్పలేదు. ఇవి పట్టుకోవడానికి అక్కడ పాఠాలున్నాయి, పరీక్షలున్నాయి, పట్టాలున్నాయి. మా అరుగు మీద బడి ముఖం చూడని ముగ్గురు ఒక్కొక్క గుక్కలో, ఒకావిడ గుక్క కూడా లేకుండా, చెప్పేశారు.

ఇందులో మాయ ఏమీ లేదు. బళ్ళో చెప్పే సైన్సే. వగరుకి ఇంగ్లీషులో టానిన్ అని పేరు. ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది? తోలు పదును చేయడాన్ని వాళ్ళు టానింగ్ అంటారు. ఆ పని చేసే పదార్థం కాబట్టి టానిన్. ఐరోపాలో తోళ్ళు పదును చేసింది ఓక్ చెట్టు బెరడుతో. మన దగ్గర తంగేడు చెక్కతో, కరక్కాయతో. ఆ పదార్థం తోలులోని మాంసకృత్తుల్ని పట్టి బిగిస్తుంది, అందుకే తోలు కుళ్ళకుండా నిలుస్తుంది. అదే పదార్థం నాలుక మీద పడితే ఎంగిలిలోని మాంసకృత్తుల్ని పట్టి బిగిస్తుంది, అందుకే నోరు పిడచగట్టుకుంటుంది. లంద తొట్టిలో జరిగేదీ, ఖరీదైన వైన్ తాగినవాడి నోట్లో జరిగేదీ ఒకటే పని. లోకంలో వైన్ గురించి మాట్లాడే ప్రతి పెద్దమనిషీ రోజూ మా తోళ్ళ పనిముట్ల మాటలే మాట్లాడుతున్నాడు. మాట మాది. మర్యాద వాడిది.

అలాగే కల్లు. చెట్టు నుంచి దిగిన కల్లు పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. ఎవరూ ఈస్టు కొనుక్కొచ్చి వేయలేదు. లొట్టిలో ఉన్నదీ గాలిలో ఉన్నదీ వచ్చి చేరతాయి. పులవకూడదంటే మామ లొట్టికి లోపల సున్నం పూస్తాడు. బెల్జియంలో బ్రస్సెల్స్ పక్కన లాంబిక్ అనే బీరు చేస్తారు. చలికాలంలో కాచిన రసాన్ని రాత్రంతా వెడల్పు తొట్టెలో గాలికి వదిలేస్తారు. గాలిలోని ఈస్టు తనంతట తనే వచ్చి చేరుతుంది. తర్వాత పాత పీపాల్లో ఏళ్ళ తరబడి ఊరుతుంది. 1900లో మొదలైన కాంటియోన్ అనే బట్టీ బ్రస్సెల్స్ నగరంలో ఇప్పటికీ అలాగే చేస్తోంది. చూడ్డానికి దేశదేశాల నుంచి జనం వస్తారు. అడవి ఈస్టుని నమ్ముకున్న బెల్జియం మనిషి కళాకారుడు. అడవి ఈస్టుని నమ్ముకున్న మన గీతగాడు వెనకబడినవాడు. కాదంటారా?

ఇప్పుడు అసలు కథకి వస్తున్నాం. బెల్జియంలో బ్రీన్‌డాంక్ అనే ఊళ్ళో మూర్ట్‌గాట్ కుటుంబం 1871లో బీరు కంపెనీ పెట్టింది. మొదటి ప్రపంచయుద్ధం 1918లో ముగిశాక, గెలుపు గుర్తుగా విక్టరీ ఏల్ అనే గట్టి బీరు చేశారు. 1923 ప్రాంతంలో ఒకరోజు దాన్ని నలుగురూ కూర్చుని రుచి చూస్తున్నారు. వాళ్ళలో వాన్ డె వౌవర్ అనే చెప్పులు కుట్టే ఆయన ఉన్నాడు. గ్లాసు దించి, ఇది అచ్చం దయ్యమేనన్నాడు. వాళ్ళ యాసలో దయ్యాన్ని డూవెల్ అంటారు. కంపెనీవాళ్ళు విక్టరీ అనే పేరు తీసి పారేశారు. డూవెల్ అని పెట్టారు. నూరేళ్ళు దాటింది. 8.5 శాతం మద్యంతో లోకమంతా అమ్ముడయ్యే ఆ బీరు ఇవాళ్టికీ ఆ పేరుమీదే ఉంది. ఈ కథ మేము కల్పించింది కాదు, ఆ కంపెనీ తన చరిత్రలో తానే గర్వంగా చెప్పుకునేది.

డూవెల్ తర్వాత బెల్జియం గట్టి బీర్లకి దయ్యాల పేర్లూ పాపాల పేర్లూ పెట్టడం ఆనవాయితీ అయింది. రష్యన్ రివర్ వాళ్ళు ఆ వరసలోనే ఒక బీరుకి డామ్నేషన్, అంటే నరకశిక్ష, అని పెట్టారు. ఆ వెనకే సాల్వేషన్, రిడెంప్షన్. రక్షణ, విమోచన. ఆ వెనక మా అరుగు మీదికి వచ్చిన కాన్సెక్రేషన్. అంటే చూడండి, ఈ సీసా మీది పేరుకి తాత ఎవరు? చెప్పులు కుట్టిన ఒక మనిషి నాలుక.

మేము అడిగేది ఇదే. అక్కడ చెప్పులు కుట్టే ఆయన్ని రుచి చూడ్డానికి బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఆయన నోటిమాటకి విలువ కట్టారు. ఆయన పేరు రాసి పెట్టుకున్నారు. ఇక్కడ చెప్పులు కుట్టే మనిషి ఏ రుచికి పేరు పెట్టాడు? ఏ బల్ల దగ్గర కూర్చోబెట్టారు? బల్ల సంగతి వదిలేయండి. హోటలు బయట నిలబెట్టి విడిగా గ్లాసు పెట్టిన దేశం మనది. తాగి, కడిగి, చూరులో దోపి పోవాలి. ఆ గ్లాసులో పోసిన టీ ఎలా ఉందని వాణ్ణి ఎవడన్నా అడిగాడా?

బెల్జియం స్వర్గమని మేము చెప్పడం లేదు. రబ్బరు కోసం కాంగోలో నల్లవాళ్ళ చేతులు నరికించిన రాజు ఆ దేశపు రాజే. అది మర్చిపోయి మాట్లాడితే మేము కూడా ఆ మత్తులో పడ్డట్టే. ఒక చోట ఒక పని మనిషి నాలుకని నమ్మితే ఏం జరిగిందో చూపిస్తున్నాం, అంతే.

అడవి ఈస్టు గురించి ఇంకో మాట. 1904లో కోపెన్‌హాగెన్‌లో కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రజ్ఞుడు దాన్ని ఇంగ్లీషు బీరులోంచి వేరు చేసి బ్రెట్టనోమైసెస్ అని పేరు పెట్టాడు. బ్రిటిష్ శిలీంధ్రమని అర్థం. తోలు వాసన, కొట్టం వాసన, గుర్రం మీద కప్పిన దుప్పటి వాసన తెచ్చేది ఇదే. వైన్ చేసేవాళ్ళలో చాలామందికి ఇది శత్రువు. పీపాలో చేరిందంటే వైన్ చెడిందంటారు, గంధకం వాడి దూరంగా పెడతారు. వైన్‌వాడి కొట్లో అంటు. పక్కనే బీరువాడి కొట్లో అతిథి. జీవి మారలేదు, వాసన మారలేదు. కూర్చున్నవాడి చూపు మారింది.

"అయితే మాస్టారూ, బీరువాళ్ళు కూడా దాన్ని వేరుగానే పెడతారుగా" అని కుర్రాడు అడ్డు తగిలాడు. నిజమే. ఇలాంటి బీరు చేసేవాళ్ళు దీని గొట్టాలూ పంపులూ మామూలు బీరుకి కలవనివ్వరు. కలిస్తే అదీ పులుస్తుంది. సరే. క్రిమికి వేరే గొట్టం పెట్టడం శాస్త్రం. మనిషికి వేరే గ్లాసు పెట్టడం నేరం. ఈ రెంటినీ ఒకటి చేసి మాట్లాడే పండితులు మనకి తక్కువ లేరు. శుచి, శుభ్రం, ఆరోగ్యం అని మొదలుపెట్టి గ్లాసు దగ్గరికే వస్తారు. వాళ్ళు వస్తే ఈ ముక్క చదివి వినిపించండి.

రుచి చెప్పే కాగితంలో మేము ఇంకోటి వెతికాం. ఓక్ చెక్క ఏ దేశానిదో రాస్తారు. ద్రాక్ష ఏ లోయదో రాస్తారు. ఈస్టు ఏ జాతో రాస్తారు. ద్రాక్ష కోసింది ఎవరో రాయరు. కాలిఫోర్నియా ద్రాక్షతోటల్లో వంగి కోసేది ఎక్కువమంది మెక్సికో నుంచి వచ్చిన కూలీలు. 1965లో డెలనో దగ్గర ఫిలిప్పీన్స్ కూలీలు లారీ ఇట్లియాంగ్ నాయకత్వాన తోటల్లో పని ఆపేశారు. సీజర్ చావెజ్ వెంట ఉన్న మెక్సికో కూలీలు వచ్చి కలిశారు. ద్రాక్ష కొనకండని దేశమంతా చాటారు. ఐదేళ్ళు కొట్లాడితే 1970లో తోటల యజమానులు ఒప్పందాలమీద సంతకాలు పెట్టారు. 2020లో సొనోమాలో అడవి మంటలు లేచినప్పుడు, జనాన్ని ఖాళీ చేయించిన చోట్లకి కూడా ద్రాక్ష కోతకి కూలీల్ని పోనిచ్చారు. ద్రాక్షకి పొగ వాసన పడితే వైన్ చెడుతుందని లోకమంతా దిగులుపడింది. కోసేవాడి ఊపిరితిత్తులకి పట్టిన పొగని ఏ గ్లాసులో పోసి వాసన చూస్తారు?

ఇక అత్త ప్రశ్న. "మేము సారా కుండలు పగలగొట్టింది మీరు అమెరికా సీసాలు తెచ్చుకోడానికా?" ఆ మాట అంటుంటే అత్త గొంతు వణికింది. మామయ్యని సారాయే తీసుకుపోయింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మలాంటి ఆడవాళ్ళు లేచి నిలబడితే, ఆ గాలి మా పల్లెకీ వచ్చింది. 1993లో సారా ఆగింది. 1995లో పూర్తి నిషేధం వచ్చింది. 1997లో సడలించారు. ఖజానాకి డబ్బు కావాలి, అది మన వాడల నుంచే రావాలి.

కాబట్టి లెక్క రాస్తున్నాం, సంఘాలవాళ్ళు జనానికి చెప్పండి. ఈ సీసా 375 మిల్లీలీటర్లు, 10 శాతం. అంటే అసలు మద్యం 37 మిల్లీలీటర్ల పైన. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు 8 శాతముంటే 52. బ్రాందీ షాపులో క్వార్టరు 180 మిల్లీలీటర్లు, 42.8 శాతం. అందులో మద్యం 77. మేము ఆరుగురం ఒక సీసా పంచుకున్నాం, అందులోనూ ఒకరు తాగలేదు. మన కూలీ ఒక్కడు, ఖాళీ కడుపుతో, సాయంత్రం ఒక క్వార్టరు, పావుగంటలో. వాడికి రుచి చూసే తీరిక లేదు. తీరిక లేని తాగుడు మందు కాదు, మత్తుమందు కలిపిన కల్లుతో సమానం. ఈ సీసా ధర వెయ్యి రూపాయల పైమాటే. కొనమని ఎవరికీ చెప్పడం లేదు. కొన్నంత మాత్రాన గొప్పవాళ్ళం అయిపోతామని ఎగబడే మన కుర్రకారుకి మరీ చెప్తున్నాం: సీసా కొంటే సీసా వస్తుంది. మర్యాద రాదు.

మేము అడుగుతున్నది మందు కాదు, మాట. మా నాలుకకి తెలిసిన రుచికి మా నోటితో పేరు పెట్టే హక్కు.

ఒక తప్పు ఒప్పుకోవాలి. మేము ఆరో తరగతిలో హాస్టల్లో చేరినప్పుడు దింపడానికి వచ్చింది ఈ పెద్దయ్యే. అప్పటికి మా ఊళ్ళో ఇంకా ఒక లంద మిగిలుంది. ఆయన ఒంటిమీద ఆ వాసన. తోటి పిల్లలు చూస్తారని, "గేటు కాడే ఆగు పెద్దయ్యా, నేను పోతాలే" అన్నాం. ఆయన పెట్టె మా చేతికిచ్చి ఆగిపోయాడు. తర్వాత మేము బీయెస్సీ చదివాం, బీయీడీ చదివాం. పిల్లలకి టానిన్లు ఎన్నోసార్లు చెప్పాం. పుస్తకంలో ఉన్నట్టు టీ ఆకు ఉదాహరణ ఇచ్చాం. లంద ఉదాహరణ ఒక్కసారీ ఇవ్వలేదు. తెలియక కాదు. కాలిఫోర్నియాలో కుర్రాడు గ్లాసు దించినట్టే, ఇక్కడ మేము సుద్దముక్క దించాం. ఆ తెలుగాయన నవ్వు మా లోపల కూడా ఒకటి కూర్చుని ఉందన్నమాట. దాన్ని దింపుకోకుండా ఇంకొకర్ని నిలదీస్తే చెల్లదు.

అందుకే పండగ సెలవులయ్యాక తొమ్మిదో తరగతికి పెద్దయ్యని తీసుకుపోయాం. గేటు దగ్గర ఆపలేదు. తంగేడు చెక్క, కరక్కాయ, సున్నం, ఒక తోలు ముక్క పట్టుకొచ్చాడు. బల్లమీద పెట్టి, పచ్చితోలు ఎలా కుళ్ళుతుందో, చెక్క నీళ్ళు దాన్ని ఎలా నిలబెడతాయో చెప్పాడు. పిల్లల చేత కరక్కాయ ముక్క కొరికించాడు. వాళ్ళ మూతులు ముడుచుకుంటే, "అదేరా మీ పుస్తకంలో టానిన్" అన్నాడు. ముందు బెంచీలవాళ్ళు కొందరు ముక్కు మూసుకున్నారు. పాఠం అయ్యేసరికి ఒకరిద్దరు తప్ప అందరూ తోలు ముక్క చేత్తో పట్టుకుని చూశారు. ఆ ఒకరిద్దరి సంగతి మళ్ళీ చూసుకుంటాం.

పంతుళ్ళుగా ఉన్న మన వాళ్ళందరికీ మా విన్నపం ఇదే. మీ బడికి మీ వాడ పెద్దల్ని పిలవండి. కల్లుగీసే ఆయన చేత పులియడం చెప్పించండి. తరవాణి కుండ పెట్టే అమ్మ చేత పెరుగు జీవి గురించి చెప్పించండి. ఆ జ్ఞానానికి పీపాల్లో ఊరినప్పుడు పట్టాలిస్తున్నారు. మన కుండల్లో ఊరినప్పుడు వెలివేస్తున్నారు. ఈ లెక్క సరిచేయడం కోర్టులో మొదలవదు, నోట్లో మొదలవుతుంది.

ఆ రోజు అరుగు మీద చివరి చుక్క పెద్దయ్య గ్లాసులో మిగిలింది. కుర్రాడు డూవెల్ కథ చెప్పి, "మరి దీనికి నువ్వేం పేరు పెడతావు తాతా" అని అడిగాడు. కాన్సెక్రేషన్ అంటే అర్థమేమిటో చెప్పించుకున్నాడు పెద్దయ్య. గుడి మెట్లెక్కనివ్వక, చేతిలో తీర్థం పోయని కాలమంతా ఆయన కళ్ళముందు తిరిగినట్టుంది. పళ్ళులేని నోటితో నవ్వాడు. "లంద తీర్థం" అన్నాడు.

కుర్రాడు ఆ పేరు కాగితంమీద రాసుకున్నాడు. కింద తరవాణి, చింతపండు, లొట్టి కాటు, పదునైన తోలు అని వరసగా రాసుకుని తీసుకుపోయాడు. మొన్న ఫోను చేశాడు. మళ్ళీ ఆ బల్ల దగ్గరికి వెళ్ళాడట. తన వంతు వచ్చినప్పుడు గ్లాసు దించలేదట. మా తాత తోళ్ళు పదును చేసేవాడు, ఇందులో వగరు ఫలానా అని చెప్పడం మొదలుపెట్టాడట. తెల్లవాళ్ళు ఇంకా చెప్పమన్నారట. ఆ తెలుగాయన మాత్రం ఫోను వచ్చిందని లేచి బయటికి పోయాడట.

పోనీండి. కూర్చున్నవాళ్ళకి చెబుదాం. లేచిపోయినవాడికి కూడా వినపడేలా చెబుదాం.

జై భీమ్.